ముల్లా, పువ్వా? కుండీలోని కాగితంపూల చెట్టు పూయకపోవడం గురించి

నమస్కారమండి. మీ ప్రశ్న పూర్తిగా చదివాను. రెండేళ్ల క్రితం కడియం నర్సరీలో కొన్న కాగితంపూల బోన్సాయ్ ఇంటికి తెచ్చిన నెలలో నిండుగా పూసిందనీ, ఆ తరువాత ఆకు తప్ప పువ్వు చూపలేదనీ రాశారు. పోయిన వానాకాలంలో అడీనియం (ఎడారి గులాబీ) ఒకటి మొదలంతా మెత్తబడి పోయిందన్నారు. విజయవాడ మొగల్రాజపురంలో మూడో అంతస్తు బాల్కనీకి ఇంకా ఏ పూలచెట్లు పనికివస్తాయో, నెట్‌లో అమ్మే సకురా (జపాను చెర్రీ) విత్తనాలు కొనవచ్చో లేదో కూడా అడిగారు. నేను గుంటూరులో మా మేడ మీద ఇరవై రెండేళ్లుగా బోన్సాయ్ పెంచుతున్నాను. వాటిలో సగానికి పైగా పూసే రకాలే కాబట్టి, మీరు చేసిన పొరపాట్లలో నేను చేయనిది దాదాపు లేదు.

కాగితంపూల చెట్టు సంగతి ముందు చూద్దాం. కారణం మీరు రాసిన దానిలోనే ఉంది. రోజూ ఉదయం నీళ్లు పోస్తున్నారు, పదిహేను రోజులకొకసారి నానబెట్టిన వేరుశనగ చెక్క తేట ఇస్తున్నారు, చెట్టు గొడుగులా గుండ్రంగా కనిపించాలని ప్రతి ఆదివారం చివుళ్లు కత్తిరిస్తున్నారు. ఈ మూడింటిలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఆ ఆదివారపు కత్తెర.

ఎందుకో మీరే చూడవచ్చు. రేపు పొద్దున ఒక లేత రెమ్మను చేతిలోకి తీసుకుని, చివరి నుంచి కిందికి ఒక్కొక్క ఆకు మొదలునూ పరీక్షగా చూడండి. ఆకు కాడ రెమ్మను తాకే చోట, కాడకు పైభాగాన, చిన్న ముల్లు కనిపిస్తుంది. లేత రెమ్మ మీద అది ఇంకా పచ్చగా, గోటితో నొక్కితే వంగేంత మెత్తగా ఉంటుంది. అదే చెట్టు పూతకు వచ్చినప్పుడు అదే చోట ముల్లుకు బదులు సన్నని కాడ ఒకటి సాగి, దాని చివర మూడు చిట్టి రేకులు ముడుచుకుని కనిపిస్తాయి. అవి మొదట ఆకుపచ్చగానే ఉండి తరువాత రంగు ఎక్కుతాయి. ముల్లూ పూగుత్తీ రెండూ ఒకే చోట పుట్టే ఒకే అవయవానికి రెండు రూపాలు. చెట్టుకు ఎదుగుదల మీద ధ్యాస ఉంటే అది ముల్లుగా గట్టిపడుతుంది, ఎదుగుదల నెమ్మదించి లోపల పిండిపదార్థం నిల్వపడితే పూగుత్తిగా విచ్చుకుంటుంది. ఈ మార్పు కొత్తగా సాగిన రెమ్మల మీద, ముఖ్యంగా వాటి చివరి కణుపుల్లో జరుగుతుంది. మీరు వారానికొకసారి కత్తిరించి పారేస్తున్నవి సరిగ్గా ఆ కణుపులే. పైగా కత్తిరించిన ప్రతిసారీ కింది కణుపుల నుంచి కొత్త చిగుళ్లు పుట్టుకొస్తాయి, చెట్టు మళ్లీ మొదటి నుంచీ ఆకు వేయడంలో పడుతుంది.

మనం పువ్వు అని పిలిచే ఆ రంగు కాగితం నిజానికి పువ్వు కాదని మీకు తెలిసే ఉంటుంది. అవి పుష్పపుచ్ఛాలు, ఒక్కొక్క పుచ్ఛానికీ అంటుకుని సన్నని గొట్టంలాంటి తెల్లని పువ్వు ఉంటుంది, అసలు పువ్వు అదే. పుచ్ఛాలు ఆకుల జాతివే కాబట్టి వారాల తరబడి వాడకుండా నిలుస్తాయి, బోన్సాయ్ పెంచేవారికి ఈ చెట్టు ఇంత ప్రియం కావడానికి అది ఒక కారణం. దీని సొంత ఊరు దక్షిణ అమెరికా. 1767లో బూగన్విల్ నౌకాయాత్రలో వెళ్లిన కొమెర్సన్ అనే వృక్షశాస్త్రవేత్త రియో దగ్గర దీనిని సేకరించి, తన నౌకాధిపతి పేరు మీద బూగన్విలియా అని పేరు పెట్టాడు. వానలూ ఎండుకాలమూ స్పష్టంగా విడివిడిగా ఉండే నేలల్లో పెరిగిన మొక్క గనుక, నీటికి కొంచెం కరువు వస్తే పూతకు తిరగడం దీని స్వభావంలోనే ఉంది. నేల మీద ప్రహరీ గోడకు పాకించిన కాగితంపూల తీగ ఎవరూ నీళ్లు పోయకపోయినా ఏప్రిల్ ఎండలో మండుతున్నట్లు పూస్తుంటే, రోజూ నీళ్లు తాగే మీ కుండీ చెట్టు ఆకులతో సరిపెట్టుకోవడం అందుకే.

కాబట్టి మీరు చేయవలసిన పని ఇది. ఇప్పుడున్న చెట్టును ఒక్కసారి, మనసు గట్టి చేసుకుని, ప్రతి రెమ్మ మీదా రెండు మూడు కణుపులు మాత్రమే మిగిలేలా కత్తిరించండి. ఆ తరువాత కత్తెర లోపల దాచేయండి. కొత్త చిగుళ్లు జానెడు పొడవు సాగేదాకా మామూలుగా నీళ్లు పోయండి. చెట్టు గజిబిజిగా, దువ్వని జుట్టులా కనిపిస్తుంది, ఓర్చుకోవాలి. రెమ్మలు జానెడయ్యాక నీళ్లు తగ్గించండి. తగ్గించడమంటే రోజూ అరగ్లాసు పోయడం కాదు, అలా చేస్తే పైమట్టి తడిసి కింది వేళ్లు ఎండి చెట్టు ఊరికే నీరసిస్తుంది. లేత ఆకులు తలలు వాల్చేదాకా అసలు పోయకుండా ఉండి, వాల్చిన వెంటనే కుండీ అడుగు రంధ్రాల్లోంచి కారేదాకా నిండుగా పోయాలి. మళ్లీ వాలేదాకా ఆగాలి. ముదురు ఆకులు కూడా వేలాడాయంటే మీరు ఆలస్యం చేసినట్లే. ఇలా మూడు వారాలు చేస్తే ముళ్ల స్థానంలో ఆ చిన్న కాడలు కనిపించడం మొదలవుతుంది. కనిపించిన రోజు నుంచి మళ్లీ మామూలుగా నీళ్లు పోయాలి, లేకపోతే రంగెక్కని మొగ్గలే రాలిపోతాయి. కత్తిరించిన నాటి నుంచి పూత విచ్చేదాకా నా అనుభవంలో ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. పెళ్లికో, గృహప్రవేశానికో చెట్టు పూతలో ఉండాలనుకునేవారు ఆ తేదీ నుంచి వెనక్కి లెక్క కట్టుకుని కత్తిరిస్తారు.

దీనికి అనువైన కాలం మనకు కార్తీకం నుంచి మొదలవుతుంది. కాగితంపూలు పొద్దు తక్కువగా ఉన్న రోజుల్లో సులువుగా పూస్తాయి. విజయవాడ దాదాపు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉండడం వల్ల డిసెంబరులో మన పగలు పదకొండు గంటలకు కొద్దిగా ఎక్కువగానూ, జూన్‌లో పదమూడు గంటల దాకానూ ఉంటుంది. వానలు వెనుకబట్టి పొద్దు కురచనయ్యే నవంబరులో ఒకసారి కత్తిరిస్తే సంక్రాంతి నాటికి మొదటి పూత, అది రాలాక మళ్లీ కత్తిరిస్తే మార్చి చివర రెండో పూత తీసుకోవచ్చు. వానాకాలంలో మాత్రం పూత కోసం చెట్టును సతాయించకండి. మబ్బు పట్టిన రోజుల్లో మీరు నీళ్లు ఆపినా ఆకాశం ఆపదు.

ఎండ గురించి కొంత నిర్మొహమాటంగా చెప్పాలి. మీ బాల్కనీ తూర్పు ముఖంగా ఉందనీ, పదిన్నర దాకా ఎండ వస్తుందనీ రాశారు. ఎదురుగా ఇంకో అపార్టుమెంటు ఉంటే అది కూడా పూర్తిగా రాదు. కాగితంపూలకు కనీసం ఐదారు గంటల నేరు ఎండ కావాలి, అంతకు తగ్గితే మిగతా ఉపచారాలన్నీ చేసినా పూత పలచగానే ఉంటుంది. అపార్టుమెంటు సంఘం వారు ఒప్పుకుంటే ఈ ఒక్క చెట్టును మేడ మీదికి చేర్చండి. అయితే మే నెలలో మేడ మీది సిమెంటు నేల కాలే పెనం లాంటిది. పళ్లెం లాంటి లోతు తక్కువ కుండీలో వేళ్లు మధ్యాహ్నానికి ఉడికిపోతాయి. కుండీని నేల మీద ఆనించకుండా రెండు ఇటుకల మీదో, చెక్క బల్ల మీదో ఎత్తి ఉంచి, రోహిణి కార్తె వెళ్లేదాకా కుండీ చుట్టూ తడిపిన గోనెసంచి చుట్టండి. చెట్టు తలకు ఎండ తగలాలి, వేళ్లకు తగలకూడదు.

ఎరువు సంగతి. వేరుశనగ చెక్క చెడ్డది కాదు, కానీ దానిలో నత్రజని సుమారు 7 శాతం ఉంటే భాస్వరం, పొటాష్ ఒక్కొక్కటి ఒకటిన్నర శాతం చుట్టుపక్కలే ఉంటాయి. నత్రజని ఆకులను పెంచుతుంది, మీ చెట్టు చేస్తున్నదీ అదే. కత్తిరించాక చిగుళ్లు రావడానికి ఒక్క దఫా చెక్క తేట ఇచ్చి ఆపేయండి. రెమ్మలు సాగాక 0:52:34 అనే ఎరువును (నత్రజని లేకుండా భాస్వరం, పొటాష్ మాత్రమే ఉండేది) లీటరు నీటికి ఒక గ్రాము చొప్పున కలిపి పది రోజుల తేడాతో రెండు సార్లు ఇస్తే చాలు. మిరప రైతులు పూత దశలో వాడే సరుకే కాబట్టి గుంటూరులో గానీ, విజయవాడలో గానీ ఏ ఎరువుల దుకాణంలోనైనా దొరుకుతుంది. నేను మొదటిసారి అడిగినప్పుడు దుకాణం ఆయన ఎన్ని ఎకరాలండీ అన్నారు; ఇరవై కుండీలన్నాను; కిలో పొట్లం చేతిలో పెట్టి ఇది మీ జీవితకాలానికి సరిపోతుందన్నారు. రైతు పొలంలో వాడే మోతాదును కుండీలో వాడితే వేళ్లు మాడతాయి, అది మాత్రం గుర్తుంచుకోండి.

కుండీ మార్చడం గురించి మీరు అడగలేదు గానీ, రెండేళ్లయింది కాబట్టి త్వరలో చేయవలసి వస్తుంది. ఇక్కడ నా సొంత నష్టం ఒకటి చెబుతాను. నేను బోన్సాయ్ మొదలుపెట్టిన రెండో ఏడాది, ముంజేతి లావున్న కాగితంపూల మొదలు ఒకటి దొరికితే, పుస్తకాల్లో జపాను చెట్లకు చెప్పిన పద్ధతిలో వేళ్ల మట్టినంతా నీళ్లతో కడిగి, సగం వేళ్లు కత్తిరించి, మే నెలాఖరున పళ్లెంలో నాటాను. పది రోజుల్లో ఆకులు రాలాయి, నెలకు బెరడు ముడతలు పడింది. కాగితంపూల వేళ్లు దారపు పోగుల్లాంటివి, మట్టిని ముద్దగా పట్టి ఉంచే బలం వాటికి లేదు, కదిలిస్తే తెగుతాయి. మృగశిర కార్తెలో తొలకరి పడ్డాక, గాలిలో తేమ ఉన్నప్పుడు, మట్టి ముద్ద అంచుల నుంచి మూడో వంతు మాత్రమే మెల్లగా రాల్చి, వేళ్లను నీళ్లతో కడగకుండా కొత్త మట్టిలో దించి, కొమ్మలను కూడా అదే నిష్పత్తిలో తగ్గించి, రెండు వారాలు నీడలో ఉంచాలి.

ఆ కొత్త మట్టిలో నల్లరేగడి ఒక్క గుప్పెడు కూడా కలపకండి. చాలామంది మన పొలం మట్టి బలమైనదని ఇష్టంగా తెచ్చి వేస్తారు. అది పళ్లెంలో తడిస్తే జిగురు ముద్ద, ఎండితే పగుళ్లు తీసిన రాయి. ఇటుకలను పగలగొట్టి జల్లెడ పట్టి, పొడిని పారేసి కందిగింజంత పలుకులను ఏరుకోండి. ఆ పలుకులు రెండు పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు, మాగిన పశువుల ఎరువు గానీ వానపాముల ఎరువు గానీ ఒక పాలు, వాటిలో గుప్పెడు వేప పిండి కలిపితే మన వాతావరణానికి సరిపోతుంది. నీళ్లు పోసిన క్షణాల్లో అడుగు నుంచి కారాలి. లోపల తడి ఎంత ఉందో తెలుసుకోవడానికి ఒక కొబ్బరి ఈనెను మట్టిలో అడుగుదాకా గుచ్చి పది నిమిషాలు ఉంచి తీయండి. ఎంత మేర ముదురు రంగుకు తిరిగిందో అంత మేర తడి ఉన్నట్లు. ఇంతకంటే నమ్మకమైన పరికరం నేను కొనలేదు.

కొమ్మలను వంచి ఆకారం ఇవ్వడానికి లోహపు తీగ చుట్టడం గురించి ఒక్క మాట. ఈ చెట్టు ముదురు కొమ్మ పెళుసు, చూడటానికి వంగేలా ఉండి చిటుక్కున విరుగుతుంది. పెన్సిలు లావు దాటని కొమ్మలకే అల్యూమినియం తీగ చుట్టండి, అది కూడా నీళ్లు పోసిన రోజు కాకుండా కాస్త వాడినట్లున్న రోజున. వేసవి, వానాకాలాల్లో ఆరేడు వారాలకే తీగ బెరడులోకి దిగబడుతుంది, తరచూ చూసుకుని విప్పేయాలి.

ఇక అడీనియం. మనం ఎడారి గులాబీ అంటున్న ఈ మొక్క ఆఫ్రికా ఖండంలోని సహారాకు దిగువ ప్రాంతాల్లోనూ, అరేబియాలోనూ పుట్టింది. ఆ ఉబ్బిన మొదలే దాని నీళ్ల తొట్టి, మనం పైనుంచి ఇంకొన్ని నీళ్లు పోస్తుంటే అది లోపలి నుంచి కుళ్లుతుంది. జూన్ నుంచి నవంబరు దాకా దానిని చూరు కిందనో, వాన తగలని బాల్కనీ లోపలి వైపో ఉంచాలి. నాకు ఇదంతా తెలిసి కూడా 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో మన రెండు ఊళ్లనూ ముంచెత్తిన వానల్లో, ఊరెళ్లి తిరిగొచ్చేలోగా నాలుగు అడీనియాలు పోయాయి. ఇంకో రెండు దక్కాయి, ఎలాగంటే, వాటి మొదలును బొటనవేలితో చుట్టూ నొక్కి చూసి, మెత్తగా దిగిన చోటల్లా పదునైన చాకుతో తెల్లని గట్టి భాగం వచ్చేదాకా కోసి తీసేశాను. కోతకు మాంకోజెబ్ అనే బూజు మందు పొడి పట్టించి, కుండీలో పెట్టకుండా నీడలో ఒక వారం వేలాడదీసి, కోత మీద పొర కట్టాక ఇసుక, ఇటుక పలుకుల్లో నిలబెట్టాను. కుళ్లిన గోధుమ రంగు మొదలుకు అడ్డంగా అంతటా పాకి ఉంటే మాత్రం శ్రమపడకండి. దీని పాలు విషం. ఇంట్లో చిన్నపిల్లలుంటే అందని ఎత్తున పెట్టండి, కోసిన తరువాత చేతులూ చాకూ సబ్బుతో కడగండి. కొమ్మల కత్తిరింపు, కుండీ మార్పు ఫిబ్రవరిలో చేస్తే ఎండాకాలమంతా పూస్తుంది.

మీ తూర్పు బాల్కనీకి ఏ చెట్టు అన్నదానికి ముందు ఒక సూత్రం చెప్పాలి. కుండీలో ఉంచి పదే పదే కత్తిరిస్తే ఆకు చిన్నదవుతుంది, కొమ్మ సన్నబడుతుంది, కానీ పువ్వూ పండూ చిన్నవి కావు. అడుగు ఎత్తు మందారం చెట్టుకు అరచేయంత పువ్వు పూస్తే చెట్టు కనిపించదు, పువ్వే కనిపిస్తుంది. అందుకని పుట్టుకతోనే చిన్న పువ్వు పూసేవాటిని ఎంచుకోవాలి. మీకున్న ఎండకు అన్నిటికంటే నప్పేది కామిని. నాగగొలుగు అని కూడా అంటారు, కరివేపాకుకు చుట్టం. ఉదయపు ఎండతో సంతృప్తి పడుతుంది, ఆకు సహజంగానే చిన్నది, బెరడు లేత పసుపు తెలుపులో నున్నగా ఉంటుంది, కత్తిరింపును బాగా తట్టుకుంటుంది. ఎండిన కొన్ని రోజుల తరువాత మంచి వాన పడితే తెల్లని పూలతో ఒకేసారి విచ్చుకుంటుంది, వాసన వీధి మలుపు దాకా వస్తుంది. రెండు మూడు రోజుల్లో అంతా రాలిపోతుంది. వాన లేని నెలల్లో వారం పాటు నీళ్లు బిగబట్టి ఒక సాయంత్రం చెట్టంతా తడిసేలా పోస్తే అది చాలాసార్లు వాన పడిందనే అనుకుంటుంది.

నూరువరహాలులో చిన్న ఆకు రకం కూడా చక్కనిదే, కానీ నీళ్లతో జాగ్రత్త. మీ అపార్టుమెంటులో బోరు నీళ్లయితే సున్నం ఎక్కువగా ఉండి, కొన్ని నెలలకు లేత ఆకులు పసుపై ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. అది ఇనుప ధాతువు లోపం. మట్టిలో ఇనుము ఉన్నా ఆ సున్నపు నీటిలో వేరు దానిని తీసుకోలేదు. లీటరు నీటికి రెండు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద వారం తేడాతో రెండు మూడు సార్లు పిచికారీ చేయండి, వీలైతే వాన నీళ్లు పట్టి ఆ మొక్కకు దాచండి. దానిమ్మలో పొట్టి రకం మేడ మీద ఎండకు బాగుంటుంది. ఎర్రని పూలు పూయనివ్వండి గానీ కాయలు ఒకటి రెండుకు మించి ఉంచకండి, ఆ చిన్న కుండీ అంతకంటే మోయలేదు. చైనా గోరింట కూడా పెట్టవచ్చు, దానికీ ఎండ ఎక్కువే కావాలి.

సకురా విత్తనాలు కొనకండి. జపాను చెర్రీకి శీతకాలంలో వారాల తరబడి గట్టి చలి తగిలితేనే మరుసటి వసంతంలో మొగ్గ విచ్చుకుంటుంది. విజయవాడలో జనవరి తెల్లవారుజామున మనం దుప్పటి కప్పుకునే చలి ఆ చెట్టుకు చలే కాదు. నీలం గుత్తుల విస్టీరియా, జపాను అజేలియా బొమ్మలు చూపించి అమ్మేవారి దగ్గర కూడా ఇదే ఇబ్బంది. అదే డబ్బుతో కడియంలో బొటనవేలు లావు మొదలున్న కామిని మొక్క వస్తుంది, నాలుగేళ్లలో అది చెట్టు రూపానికి వస్తుంది.

ఒక్కటి మిగిలింది. పూత అయిపోయాక కాగితంపూల పుచ్ఛాలు రంగు వెలిసి చెట్టు మీదే వేలాడుతుంటాయి, చాలామంది అవి రాలేదాకా చూస్తారు. రంగు వెలియడం మొదలవగానే పూసిన గుత్తి కిందుగా రెండు కణుపులు మిగిల్చి కోసేయండి. ఆ రోజు తేదీని కుండీ అడుగున సుద్దతో రాసుకుంటే, ఈసారి పూత ఎప్పుడొస్తుందో ఆరు నుంచి ఎనిమిది వారాలు కలుపుకుని లెక్క చూసుకోవచ్చు.